28వ రోజు

"జ్వరమే లేని పిల్లాడికి మాత్ర ఎందుకు మాస్టారూ?" అని అడిగిందో ఏడో తరగతి పిల్ల. సహారా ఎడారికి దిగువన మాలి, నైజర్, బుర్కినా ఫాసోల సంగతి చెబుతున్నాను. అక్కడ మలేరియా వానలతో విజృంభిస్తుంది. ఆ నాలుగు నెలలూ, మూడు నెలలు నిండిన బిడ్డ నుంచి ఐదేళ్ల లోపు వాళ్లందరికీ నెలనెలా మందు వేస్తారు.

జవాబుగా గ్లాసు నిండా సిరా నీళ్లు పోశాను. "ఇది సల్ఫాడాక్సిన్. వారం గడిచింది" అని సగం పారబోశాను. మళ్లీ సగం. నాలుగోసారికి పదహారో వంతు మిగిలింది. "ఇప్పుడు దోమ కుడితే?" "మళ్లీ నింపాలి!" 28 రోజులకో విడత వెనక లెక్క అదే. ఒంట్లోంచి ఇంత బద్ధకంగా పోవడమే ఈ మందు సుగుణం.

నాకు అంతకన్నా ముచ్చటేసేది అది క్రిమిని పస్తు పెట్టే తీరు. ఎర్ర రక్తకణంలో దూరిన మలేరియా క్రిమి రెండు రోజుల్లో పదీ ఇరవై అవుతుంది. అన్నిటికీ డీఎన్ఏ కావాలి, దానికి ఫోలేట్ కావాలి. మనకది తోటకూరలో దొరుకుతుంది. క్రిమి మాత్రం పాబా అనే చిన్న అణువుతో సొంతంగా వండుకుంటుంది. సల్ఫాడాక్సిన్ పాబాకు జంట పోలిక. ఎంజైమ్ మోసపోయి దాన్ని పట్టుకుంటుంది, వంట ఆగుతుంది. ఆ వంట మనం చెయ్యం కాబట్టి ఆ దెబ్బ మనకు తగలదు. ఎలాగో కాస్త ముందుకు సాగినా, తర్వాతి మెట్టు దగ్గర పిరిమెథమిన్ కాపు కాస్తుంది. అక్కడి ఎంజైమ్ మనకూ ఉంది గానీ, మందు పట్టు క్రిమి ఎంజైమ్ మీదే ఎన్నో రెట్లు గట్టిది. ఒకే దారికి రెండు కంచెలు!

పిరిమెథమిన్ అమెరికాలో హిచింగ్స్, ఎలియన్‌ల బృందం పని. ఇంచుమించు ఆ కాలంలోనే లెడర్లే కంపెనీలో మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్నే తయారుచేసి, దాన్ని అడ్డుకునే అణువుల్ని పిల్లల ల్యుకేమియా మీదికి పంపింది. హిచింగ్స్, ఎలియన్‌లకు 1988లో నోబెల్ వచ్చింది. సుబ్బారావు 1948లోనే పోయారు. నాకిప్పటికీ మనసొప్పదు.

సల్ఫాడాక్సిన్, పిరిమెథమిన్ కలిసిన మాత్ర మొదటి రోజు ఒక్కసారే. దాని తోడు అమోడియాక్విన్‌ని మాత్రం మూడు రోజులూ వెయ్యాలి. అది మరో దారిన క్రిమిని చంపుతుంది. వట్టి చేదు, అందుకే నీళ్లలో కరిగే తియ్యటి మాత్రలు చేశారు. ఊరి కార్యకర్త తొలి మోతాదు తన ఎదుటే తాగించి అరగంట కూర్చుంటాడు. బిడ్డ కక్కేస్తే మళ్లీ పట్టిస్తాడు. తర్వాతి రెండు రోజులూ తల్లి బాధ్యత.

నెలనెలా మందు వేసే ఈ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో సిఫారసు చేసింది. 2023 నాటికి విడతకు సగటున 5 కోట్ల పైచిలుకు పిల్లలు. తూర్పు ఆఫ్రికాలో క్రిమి ఎంజైమ్‌లు రూపు మార్చుకుని ఈ కంచెలు దూకుతున్నాయని మొదట్లో ఈ పద్ధతిని అటు తీసుకెళ్లలేదు.

"వానలు ఐదో నెలలోనూ పడితే?" అంది ఆ పిల్ల, గ్లాసు కడుగుతూ. కొన్ని జిల్లాల్లో ఐదో విడత కూడా వేస్తున్నారు.