నమ్మి వచ్చిన ప్రాణి

హైదరాబాదునుండి బీజాపూరు బాట పట్టి మొయినాబాదు మీదుగా చేవెళ్లకు పోవువారిని దారిపొడవునను మఱ్ఱిచెట్లు పలుకరించును. వాటి సంఖ్య సుమారు 900 అని లెక్క. ఆ నీడలలో బాటసారులతోపాటు ఊరకుక్కలును సేదదీరుచుండును. వాటి నడుమ ఒక్కొక్కప్పుడు మెడకు పట్టీ గల పెంపుడుకుక్క యొకటి కానవచ్చును. నిలిచిన ప్రతి కారు కడకును అది పరుగెత్తి వచ్చి, దిగినవారి ముఖము చూచి, వెనుకకు మరలును. తోట చేతులు మారినదో, కాపలాపని తీరినదో, ఏలినవారు దానిని బాటపై విడిచి వెడలినారు.

మన భారతకథ కుక్కతోనే మొదలైనది. నిష్కారణముగా తన బిడ్డను కొట్టిన రాకుమారుల విషయమై సరమ యను దేవశునకము జనమేజయుని నిలదీసినది. కథ ముగియవచ్చినవేళ, వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గరథ మెక్కుటకు ధర్మరాజు నిరాకరించినాడు. నమ్మి వచ్చినదానిని విడుచుట పాపమని ఆయన నిశ్చయము. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమును ఈ మాటే చెప్పినది: ఆకలిదప్పుల పాలగునట్లు జంతువును అకారణముగా విడిచిపెట్టుట నేరము. ఆ చట్టమునకు వెనుక రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ చేసిన కృషి కలదు.

ఐనను కుక్కలవలని భయము కల్ల కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడు వీధికుక్కల దాడికి బలియైనాడు. ఆ తల్లిదండ్రుల శోకము ముందు జీవకారుణ్యోపన్యాసములు చెల్లవు. విద్యాలయములు, ఆసుపత్రులు, బస్సు, రైలు స్టేషన్ల ఆవరణలనుండి వీధికుక్కలను తొలగించి, సంతాననిరోధక శస్త్రచికిత్సయు టీకాలును చేయించి శరణాలయములకు చేర్చవలెననియు, తిరిగి అచ్చట విడువరాదనియు సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఆదేశించినది.

కాని శరణాలయమున చోటు కొలదిగానే యుండును. 1992లో అక్కినేని అమల హైదరాబాదున బ్లూక్రాస్‌ను నెలకొల్పిన నాటికంటె నేడు నగరము ఎన్నో రెట్లు విస్తరించినది. కుక్కలు కిక్కిరిసినచోట పార్వో వంటి అంటురోగములు కూనలను త్వరగా కబళించును. అందుచే ఇండ్ల సాయము కావలసియున్నది. ఆ సాయము రెండు విధములు. కొన్ని వారములు సాకి తిరిగి అప్పగించుట తాత్కాలిక పోషణ. జీవితాంతము తనదిగా చేసికొనుట దత్తత. తల్లిలేని కూనకు రేయింబవళ్లు కొన్ని గంటల కొకమారు పాలు పట్టవలెను; శస్త్రచికిత్స జరిగినదానికి పొడిచోటు కావలెను. చేవెళ్ల, మొయినాబాదు పల్లెలలో పెరడు గల ఇంటివారికి ఇది అసాధ్యము కాదు. ఒక ఇల్లు ఒక కుక్కను చేర్చుకొనినచో శరణాలయమున మరియొకదానికి చోటు దొరకును.

దత్తత కోరువారు మొదట తమనే ప్రశ్నించుకొనవలెను. కుక్క పది పదిహేనేండ్లు బ్రదుకును. పరీక్షల దినములలో దానికి కూడు పెట్టువా రెవరు? ఇంటిల్లిపాదికిని సమ్మతమేనా? మంచుదేశపు హస్కీని తెచ్చి ఎండలో వగర్పించుటకంటె, మన ఎండవానల కలవాటుపడిన నాటుకుక్క మేలు గదా! క్రొత్తగా వచ్చినది మూలనక్కి అన్నము ముట్టకపోవచ్చును; బలవంతపెట్టక ఓపిక పట్టవలెను. రేబిస్ టీకా తప్పరాదు. కరచినచో, గీరినచో, గాయమును వెంటనే సబ్బుతో 15 నిమిషములు పారునీట కడిగి వైద్యుని చూడవలెనని ప్రతి బడిలోను బోధింపవలెను.

కూన ముద్దుగా నున్నదని నేడు తెచ్చి, పెరిగినదని రేపు విడుచువారు దానిని తేకుండుటయే దయ. తెచ్చినవారు మాత్రము ధర్మరాజు పట్టుదలలో పాలు పంచుకొనవలెను. అప్పుడు మఱ్ఱినీడన నిలిచిన కారువైపు పరుగెత్తు పట్టీకుక్క కానరాదు.