కనిపించని గాయం

చేయి తెగితే రక్తం వస్తుంది. కాలు విరిగితే ఎక్స్‌రేలో తెలుస్తుంది. కాని ఏ ఎక్స్‌రేకీ దొరకని గాయం ఒకటుంది. మన గాయాలకు కట్టు కట్టే డాక్టర్లకూ, నర్సులకూ ఆ గాయం తగులుతూ ఉంటుంది. అదేమిటో తెలుసుకుందాం.

ముందుగా ఒత్తిడి సంగతి చూద్దాం. పరీక్ష హాలులో ప్రశ్నపత్రం చేతికి రాగానే మీ గుండె దడదడ కొట్టుకుంటుంది కదా! అరచేతులకు చెమట పడుతుంది. మూత్రపిండాలపై టోపీల్లా ఉండే అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదలడం ఇందుకు ఒక కారణం. దాని వెనుకనే కార్టిసాల్ అనే మరో హార్మోను వస్తుంది. ఇది రక్తంలో చక్కెరను పెంచుతుంది. ఆపదను ఎదుర్కోవడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. పరీక్ష ముగిశాక అంతా సర్దుకుంటుంది.

మరి పరీక్ష ఎన్నటికీ ముగియకపోతే? హాన్స్ సెల్యే అనే శాస్త్రజ్ఞుడు కెనడాలోని మాంట్రియల్‌లో ఎలుకలపై ప్రయోగాలు చేసి, 1936లో ఫలితాలు ప్రకటించాడు. చలి, గాయం, మితిమీరిన శ్రమ - బాధ ఏదైనా వాటి శరీరాల్లో ఒకే రకమైన మార్పులు కనిపించాయి. మొదట అవి తట్టుకున్నాయి. బాధ నెలల తరబడి సాగితే మాత్రం ఆ శక్తి నశించి కూలిపోయాయి.

ఆసుపత్రిలో పని అటువంటిదే. రాత్రి డ్యూటీలు, ఎడతెగని రోగుల వరుస, క్షణాల మీద తీసుకోవలసిన నిర్ణయాలు! 1974లో అమెరికన్ మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్, ఉచిత వైద్యశాలల్లో సేవ చేసేవారు ఇలా డస్సిపోవడాన్ని వర్ణించి, దానిని 'బర్నౌట్' అన్నాడు. అంటే నూనె అయిపోయిన దీపంలా ఆరిపోవడం. ఇది జబ్బు కాదనీ, పని పరిస్థితుల వల్ల కలిగే స్థితి అనీ 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంది.

అయితే అలసట వేరు, గాయం వేరు. 2021 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ రెండవ విజృంభణ వచ్చినప్పుడు మన దేశంలో అనేక ఆసుపత్రుల్లో ఆక్సిజన్ చాలలేదు. ఒక నర్సు ఎదుట ఇద్దరు రోగులు ఉన్నారనుకోండి. ఉన్నది ఒకే సిలిండరు. ఒకరికి పెట్టింది. రెండవవారు బ్రతకలేదు. ఇందులో ఆమె తప్పేముంది? ఏమీ లేదు. అయినా ఆ ముఖం ఆమెను వదలదు. "నేను చేయవలసింది చేయలేకపోయాను" అనే బాధ, సిగ్గు, కోపం లోపల తొలుస్తాయి. దీన్నే 'నైతిక గాయం' అంటారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు చికిత్స చేసిన అమెరికన్ డాక్టర్ జోనథన్ షే 1990లలో ఈ మాటను ప్రచారంలోకి తెచ్చాడు. 2018లో ఇద్దరు అమెరికన్ డాక్టర్లు, తమ తోటివారిని బాధిస్తున్నది ఒట్టి అలసట కాదు, ఈ గాయమేనని వాదించారు.

దీనికి మందేమిటి? అలసట సెలవుతో కొంత తగ్గుతుంది. కాని నర్సుకు నెల రోజులు సెలవిచ్చి, మళ్ళీ అదే ఒక్క సిలిండరు ముందు నిలబెడితే ఏం లాభం? కాబట్టి పరిస్థితి మారాలి. చాలినంత సిబ్బంది, పరికరాలు ఉండాలి. కొరత తప్పనప్పుడు ఎవరికి ముందు అనే నిర్ణయాన్ని ఒక్కరి నెత్తిన వేయక, పెద్దల బృందం ముందే నియమాలు ఏర్పరచాలి. జరిగింది తోటివారితో చెప్పుకునే వీలుండాలి. అవసరమైతే మానసిక వైద్యుని సహాయం తీసుకోవాలి.

ముల్లు గుచ్చుకున్నప్పుడు నొప్పి తెలిసిందంటే నరాలు బాగున్నాయన్నమాట. అలాగే అంతరాత్మ నొచ్చుకుందంటే అది చక్కగా పనిచేస్తున్నదన్నమాట. ఈసారి ఆసుపత్రిలో నర్సు ఎవరైనా ముభావంగా ఉంటే, వెంటనే విసుక్కోకండి. అంతకు ముందు గంటలో ఆమె ఏ మంచం దగ్గర నిలబడి వచ్చిందో మనకు తెలియదు కదా!