ఈనిన ఆవు ఎందుకు చిక్కుతుంది?

పరకాల: సంకరజాతి ఆవు ఈని రెండు వారాలైంది. పాలు బాగానే ఇస్తోంది, దాణా మాత్రం ముట్టడం లేదు. పక్కటెముకలు తేలాయి. దిష్టి తగిలిందంటారు చాలామంది. దిష్టి కాదు, ఆవు ఒంట్లో లెక్క తప్పింది.

కిలో పాలు తయారుకావాలంటే పొదుగుకు సుమారు 70 గ్రాముల గ్లూకోజు కావాలి. మేతలోని చక్కెరను కడుపులోని సూక్ష్మజీవులే ముందు తినేస్తాయి. అందుకే బెల్లం పెట్టినా లోటు తీరదు. గ్లూకోజును కాలేయమే తయారుచేయాలి. ఈనగానే కాలేయంలో ఆ పనికి సంబంధించిన జన్యువులు చురుకవుతాయి. ఒంట్లో కొవ్వును పోగుచేసే జన్యువులు మందగిస్తాయి, ఉన్న కొవ్వు కరుగుతుంది.

పరకాల పల్లెల్లో మాదిరిగా వరిగడ్డే ప్రధాన మేతయితే కరగడం మరీ ఎక్కువవుతుంది. వచ్చిపడిన కొవ్వును కాలేయం పూర్తిగా కాల్చలేక కీటోన్లుగా వదులుతుంది. ఇదే కీటోసిస్. ఊపిరి మగ్గిన పండు వాసన వేస్తుంది, పాలు పడిపోతాయి.

చిత్రమేమంటే, వట్టిపోయిన రోజుల్లో బాగా బలిసిన ఆవుకే ఈ ముప్పు ఎక్కువ. చూడి ఆవును బలిపించాలన్న పాతమాట సంకరజాతికి సరిపడదు. ఈనడానికి మూడు వారాల ముందునుంచి దాణా కొద్దికొద్దిగా పెంచుతూ పచ్చిమేత కలపాలి. వాసన పసిగట్టిన రోజే పశువైద్యుణ్ణి పిలిస్తే, నరానికి గ్లూకోజు ఎక్కించి ఆవును నిలబెట్టవచ్చు.