కరోనా కాలంలో పల్లె వైద్యం: అపోహలు – వాస్తవాలు

అపోహ: మన జిల్లాలో కేసులే లేవు, పీహెచ్‌సీకి ఈ హడావుడంతా దేనికి?

శ్రీకాకుళంలో తొలి కేసులు 2020 ఏప్రిల్ 25న పాతపట్నం మండలంలో బయటపడ్డాయి. విజయనగరానికైతే మే 7 దాకా గండం రాలేదు. రాష్ట్రంలో కేసు బయటపడిన చివరి జిల్లా అదే. కానీ లాక్‌డౌన్‌తో బస్సులు, ఆటోలు మార్చిలోనే ఆగిపోయాయి కదా! బీపీ మాత్రల కోసం వచ్చే ముసలాళ్లు ఎలా వస్తారు? అందుకే దీర్ఘరోగులకు మూడు నెలల వరకు మందులు ముందే ఇవ్వవచ్చని కేంద్రం ఏప్రిల్ 14న సూచించింది. వైరస్ కన్నా ముందే ఇబ్బంది ఊళ్లోకి వచ్చింది.

అపోహ: ఈ రోజుల్లో ఆసుపత్రి గడప తొక్కకపోవడమే క్షేమం.

ఈ మాట శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చెల్లదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు పల్లెల్లో కిడ్నీ రోగులు వారానికి రెండు మూడుసార్లు, వెళ్లిన ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు డయాలసిస్ మంచం మీద ఉండాలి. మానేస్తే ఒంట్లో నీరు చేరి ఆయాసం మొదలవుతుంది, పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. దీనికి ఫోన్ వైద్యం లేదు, ఇంటికి పంపే మాత్రా లేదు. కరోనా రోజుల్లో గుమ్మంలోనే జ్వరం చూడాలి, అనుమానం ఉన్నవారిని వేరే షిఫ్టులో పెట్టాలి, అన్నిటికన్నా ముందు ఆ మనిషిని కేంద్రానికి చేర్చే బండి ఉండాలి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది 2023 డిసెంబరులో. కరోనా ఏళ్లలో ఆ ఆసరా కూడా లేదు.

అపోహ: ఫోన్లో డాక్టరు ఏం చూస్తాడు?

ఇందులో సగం నిజముంది. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రం 14410 టెలిమెడిసిన్ తెచ్చింది. పాత మందులు కొనసాగించడానికి, దగ్గు జలుబులకు అది సరిపోయేది. గర్భిణి బీపీ, రక్తం శాతం ఫోన్లో తెలియవు, ఏఎన్‌ఎం వెళ్లాల్సిందే. సీతంపేట కొండల్లో సిగ్నలే అందని గూడేలకు ఆశా కార్యకర్తే దిక్కు.

అపోహ: జ్వరమని చెబితే అట్టుకుపోతారు.

సర్వేకి వెళ్లిన ఆశాకి "మాకేటి జొరం నేదమ్మా" అనే జవాబు వెనకున్న భయం ఇదే. భయానికి కారణం లేకపోలేదు. మొదట్లో పాజిటివ్ వచ్చినవాళ్లందర్నీ ఆసుపత్రికి తరలించేవారు. తర్వాత స్వల్ప లక్షణాలుంటే ఇంట్లోనే ఉండొచ్చన్నారు. జ్వరం దాస్తే పోయేది ఆక్సిజన్ చూసుకునే అవకాశం. పారాసెటమాల్ వేడిని దించుతుంది, ఆక్సిజన్‌ను పెంచదు. ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోయినవాళ్లున్నారు. ఆక్సీమీటరు 94 కన్నా తక్కువ చూపిస్తే రాగోలు జెమ్స్ ఆసుపత్రికో నెల్లిమర్ల మిమ్స్ ఆసుపత్రికో బయల్దేరవలసిన రోజులవి. వేలికి గోళ్ల రంగు ఉన్నా, చెయ్యి చల్లగా ఉన్నా ఆ అంకె నమ్మలేం.

అపోహ: లాక్‌డౌన్‌లో బిడ్డకు ఒక డోసు తప్పితే టీకాలన్నీ మళ్లీ మొదటి నుంచి వేయాలి.

అక్కర్లేదు. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే వేస్తారు. మీ బిడ్డ టీకా కార్డు ఓసారి తీసి చూడండి. గడి ఖాళీగా ఉంటే వచ్చే బుధవారమో శనివారమో ఏఎన్‌ఎం దగ్గరకు తీసుకెళ్లండి.