మామిడి తోటలో మినీ ట్రాక్టరు: ఏ మార్పు మేలు, ఏ మార్పు ప్రమాదం

చిత్తూరు జిల్లాలో తోతాపురి తోటల్లో అంతరసేద్యానికి, మందుల పిచికారీకి, కాయల రవాణాకు 15 నుంచి 30 హెచ్‌పీ మినీ ట్రాక్టర్ల వాడకం పెరిగింది. కొన్న రెండు మూడేళ్లకు చాలామంది రైతులకు మూడు కోరికలు కలుగుతాయి. బండి ఇంకా తేలిక కావాలి, చెట్ల మధ్య ఇట్టే తిరగాలి, ఇంకా బలంగా లాగాలి. దానితో ముందు బరువులు విప్పించడం, పంపు పెంచించడం, కొమ్మలకు తగులుతోందని సీటు వెనుక కమ్మీ కోయించడం చేస్తున్నారు. వీటిలో కొన్ని మార్పులు ప్రాణం మీదికి తెస్తాయి. అదే ఫలితాన్ని ఇచ్చే, ఖర్చు తక్కువైన పద్ధతులు ఉన్నాయి. వాటిని తెలుసుకుందాం.

పందెం బండికీ, సేద్యం బండికీ తేడా

పందేలలో వాడే నాలుగు చక్రాల క్వాడ్ బైకును తేలిక చేస్తే వేగం పెరుగుతుంది, ఎందుకంటే అది మోయవలసింది తనను, నడిపేవాడిని మాత్రమే. ట్రాక్టరు పని లాగడం. వెనుక చక్రాల మీద బరువు ఉంటేనే టైరుకు నేల మీద పట్టు దొరుకుతుంది. కాబట్టి ట్రాక్టరుకు బరువు శత్రువు కాదు. ఎంత ఉంది, ఎక్కడ ఉంది అన్నదే ముఖ్యం.

ముందుగా చక్రం జారుడు కొలవండి

బరువు తగ్గించాలా, పెంచాలా అన్నది అంచనాతో తేల్చరాదు. పొలంలోనే ఇలా కొలవవచ్చు.

1. వెనుక టైరు మీద సుద్దతో గీత గీయండి.
2. గొర్రు లేదా నాగలి దించి, మామూలు లోతులో దున్నుతూ చక్రం సరిగ్గా 10 చుట్లు తిరిగే దూరానికి రెండు కొయ్యలు పాతండి.
3. పనిముట్టు పైకి లేపి, అదే దూరం నడిపి చుట్లు లెక్కించండి.

ఖాళీగా 9 చుట్లు వస్తే జారుడు 10 శాతం. ఎనిమిదిన్నర వస్తే 15 శాతం. 8 వస్తే 20 శాతం, అంటే ప్రతి ఐదు చుట్లలో ఒక చుట్టు నేలను గీకడానికే పోయింది. ఆ డీజిలు, ఆ టైరు అరుగుదల వృథా.

జారుడు 8 నుంచి 15 శాతం మధ్య ఉంటే బరువు సరిగా ఉన్నట్టు. 15 దాటితే వెనుక బరువు చాలలేదు లేదా లోతు ఎక్కువైంది. 8 కంటే తక్కువైతే బరువు ఎక్కువగా ఉంది. నేల గట్టిపడుతుంది, డీజిలు ఎక్కువ తాగుతుంది. అప్పుడు మాత్రమే బరువు తగ్గించాలి.

బరువు: ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ ఉంచాలి

- పిచికారీ వంటి తేలిక పనులకు వెనుక చక్రాల ఇనుప బరువులు తీసివేయవచ్చు. టైర్లలో నీరు ఉంటే దించవచ్చు. తడి ఆరని ఎర్ర గరప నేలల్లో వేరు వ్యవస్థ అణగకుండా ఇది మేలు చేస్తుంది.
- దున్నకానికి నీరు నింపేటప్పుడు వాల్వును పైకి తిప్పి, ఆ మట్టం వరకు, అంటే సుమారు 75 శాతం నింపాలి. మిగతా చోటులో గాలి ఉండాలి.
- పనిముట్టు ఎత్తినప్పుడు మొత్తం బరువులో కనీసం ఐదో వంతు ముందు చక్రాల మీద ఉండాలి. అంతకంటే తగ్గితే స్టీరింగు తిప్పినా బండి తిరగదు. రోటావేటరు లేపినప్పుడు ముందు చక్రాలు తేలుతున్నాయంటే ముందు బరువులు తిరిగి బిగించాలి.
- టైర్లలో గాలి కంపెనీ పుస్తకం ప్రకారం ఉంచాలి. వెనుక టైర్లకు పొలంలో సాధారణంగా 12 పీఎస్ఐ దగ్గర చాలు. రోడ్డు రవాణాకు పెంచుకోవాలి. దున్నేటప్పుడు గాలి ఎక్కువైతే టైరు నేలను తాకే భాగం తగ్గి జారుడు పెరుగుతుంది.

మలుపు, నిలకడ

చక్రాల మధ్య వెడల్పు మార్చుకునే వీలు ఎక్కువ ట్రాక్టర్లలో ఉంటుంది. రిమ్ము, డిస్కు బిగించే స్థానం మార్చితే చాలు, వెల్డింగు అక్కరలేదు. సాళ్ల మధ్య పనికి ఇరుకుగా, గుట్టల వాలులోని తోటలకు వెడల్పుగా పెట్టుకోవాలి. వెడల్పు పెరిగేకొద్దీ పక్కకు బోల్తా పడే ప్రమాదం తగ్గుతుంది.

సాలు చివర తిరగడానికి ఒక పక్క బ్రేకు వాడటం మంచిదే. అయితే తోట గేటు దాటగానే రెండు బ్రేకు పెడళ్లనూ కలిపి లాకు వేయాలి. కాయల ట్రాలీతో బంగారుపాళ్యం మార్కెట్ యార్డుకు పోతూ ఒక్క బ్రేకు తొక్కితే బండి అడ్డం తిరుగుతుంది.

సీటు వెనుక రోప్స్ అనే బోల్తా రక్షణ కమ్మీ ఉంటే కోయించరాదు. మడిచే రకమైతే కొమ్మల కింద మాత్రమే మడిచి, బయటికి రాగానే నిలబెట్టి సీటు బెల్టు పెట్టుకోవాలి. కమ్మీ మడిచి ఉన్నప్పుడు బెల్టు పెట్టుకోరాదు. కమ్మీకి అడ్డం వచ్చే కింది కొమ్మలను కోత తరువాత కత్తిరింపుల్లో తీసివేస్తే సమస్య తీరుతుంది, చెట్టుకు గాలి వెలుతురు కూడా తగులుతాయి.

శక్తి: పంపు ముట్టకుండా పెంచుకోవడం

మినీ ట్రాక్టర్లలో చాలావాటికి టర్బో ఉండదు. ఇంజను పీల్చే గాలికి ఒక హద్దు ఉంది. పంపు స్క్రూ తిప్పి డీజిలు పెంచితే, గాలి చాలక అదనపు డీజిలు నల్లపొగగా పోతుంది. ఇంజను వేడెక్కి పిస్టన్లు, హెడ్ గ్యాస్కెట్ దెబ్బతింటాయి. క్లచ్చి, గేర్లు ఆ భారానికి తయారైనవి కావు. నిజానికి ‘బలం తగ్గింది’ అనిపించే బండికి చాలాసార్లు కావలసింది ఇదే:

- ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరులో నూనె గుర్తు వరకు ఉందా, బురద పేరిందా అని దుమ్ము రోజుల్లో ప్రతి ఉదయం చూడాలి. కాగితం ఫిల్టరును నీటితో గానీ డీజిలుతో గానీ కడగరాదు.
- వేరుశనగ పొలాల దుమ్ము, పొట్టు రేడియేటరు జాలీలో ఇరుక్కుంటాయి. ఇంజను ఆపి, ఫ్యాను వైపు నుంచి బయటికి గాలి కొట్టాలి.
- డీజిలు ఫిల్టర్లు సమయానికి మార్చాలి. ఇంజెక్టర్లు, ట్యాపెట్ల సందు మెకానిక్ చేత సరిచూయించాలి.
- క్లచ్చి పెడలుకు పుస్తకంలో చెప్పిన ఆట ఉండాలి. లేకుంటే క్లచ్చి జారి శక్తి చక్రాలకు చేరదు.
- 24 హెచ్‌పీ బండికి మూడున్నర నుంచి నాలుగు అడుగుల రోటావేటరు తగినది. ఐదు అడుగులది తగిలించి బండిని నిందించరాదు.

తేనెమంచు పురుగుకు మందు కొట్టేటప్పుడు పీటీఓ స్ప్రేయరును దాని మీద రాసిన వేగంలోనే, సాధారణంగా 540 చుట్లలో నడపాలి. ఇంజను వేగం పెంచితే పంపు, బేరింగులు పాడవుతాయి.

ఎన్నటికీ చేయరాని పనులు

- ట్రాలీని, దుంగలను, బురదలో దిగిన బండిని డ్రాబారుకే కట్టి లాగాలి. టాప్ లింకుకు గానీ వెనుక ఇరుసుపైన గానీ గొలుసు కడితే ముందు చక్రాలు లేచి ట్రాక్టరు వెనక్కి పడుతుంది. ఇది సుమారు ఒకటిన్నర సెకనులో జరిగిపోతుంది, దూకే వ్యవధి ఉండదు.
- పీటీఓ షాఫ్టు కవరు, మడ్‌గార్డులు ‘బరువు తగ్గుతుంది’ అని విప్పరాదు.
- స్టీరింగు రాడ్లు, ఇరుసులు కోసి వెల్డింగు చేయించరాదు.

చట్టం ఏమంటుంది

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా రిజిస్టరైన వాహనాన్ని మార్చరాదు. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ కింద యజమానికి ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా క్లెయిముకూ చిక్కు వస్తుంది. కంపెనీ ఇచ్చిన బరువులు తీయడం, పెట్టడం, చక్రాల వెడల్పును పుస్తకం ప్రకారం మార్చడం మామూలు సర్దుబాట్లే.

శిక్షణ

అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలో రైతులకు యంత్రాల వాడకం, మరమ్మతులపై శిక్షణ ఇస్తారు. కొత్త బండి కొనేవారు ఆ మోడలు పరీక్షా నివేదిక అడిగి, పీటీఓ శక్తి, ముందు వెనుక ఇరుసుల మీది బరువు చూసుకోవాలి. తోటకు సరిపోయే బండి మొదటే ఎంచుకుంటే తరువాత కోతలు, వెల్డింగులు అవసరం రావు. ఇప్పటికే బండి ఉన్నవారు ఈ దున్నకాల్లోనే సుద్దగీతతో జారుడు కొలిచి, ఎయిర్ క్లీనరు చూసి, ఆ తరువాతే మెకానిక్ దగ్గరకు వెళ్లండి.