ఆటల కంప్యూటరు: ప్రాసెసరు, మెమరీల పొందిక

సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళి కంప్యూటరు విడిభాగములు కొనుట జంటనగరముల వారికి పాత అలవాటు. ప్రాసెసరు ఒక దుకాణములో, మెమరీ పలకలు మరియొక దుకాణములో బేరమాడి కొని బిగింపించుకొనువారు కలరు. అట్టి చిప్పుల రూపకల్పనకు సంబంధించిన పని అదే నగరపు పడమటి దిక్కున జరుగుచున్నదని వారిలో అందరికిని తెలియదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూరు, రాయదుర్గము పరిసరములలో హైటెక్ సిటీ విస్తరించినది. ప్రాసెసర్లకు పేరొందిన ఏఎండీకిని, మెమరీ చిప్పులు తయారుచేయు మైక్రాన్‌కును నేడు హైదరాబాదులో కేంద్రములు కలవు. ఇంటెల్ కూడ 2019లో ఇక్కడ ఒక డిజైన్ కేంద్రమును తెరచినది.

ఆటల కొరకు కంప్యూటరు కొనదలచిన విద్యార్థి సాధారణముగా "అన్నిటికంటె వేగమైన ప్రాసెసరు ఏది?" అని అడుగును. ఈ ప్రశ్నతో ప్రారంభించుటచేతనే డబ్బు వృథా యగుచున్నది. తెరపై ఆట కదలుచున్నట్లు కనబడుటకు సెకనుకు 60 చిత్రములు కావలెనన్నచో ఒక్కొక్క చిత్రమునకు 16.7 మిల్లీసెకనులే గడువు. సెకనుకు 144 కావలెనన్నచో ఆ గడువు 6.9 మిల్లీసెకనులకు తగ్గును. ఈ కొద్ది కాలములో ప్రాసెసరు ఎవరు ఎటు నడచిరో, బంతి ఎక్కడ పడెనో లెక్కకట్టి, గీయవలసిన వస్తువుల పట్టికను గ్రాఫిక్స్ కార్డున కందించును. కార్డు వాటిని గీసి రంగులు నింపును. పెండ్లి పంక్తిలో వంటవాడు ఎంత చురుకైనవాడైనను వడ్డించువాడు నెమ్మదియైనచో విస్తరి ఖాళీగానే యుండును గదా! ఇక్కడ కూడ రెండింటిలో ఏది నెమ్మదియో దాని వేగమే ఆట వేగము.

ఏది నెమ్మదియో తెలిసికొనుటకు ఖర్చులేని ప్రయోగ మొకటి కలదు. ఆటలో చిత్రపు పరిమాణమును 1920×1080 బిందువుల నుండి 1280×720కు తగ్గించి చూడవలెను. గీయవలసిన బిందువులు సగముకంటె తక్కువైనవి. కాని ప్రాసెసరు లెక్కలు దాదాపు మారలేదు. సెకనుకు వచ్చు చిత్రముల సంఖ్య బాగుగా పెరిగినచో లోటు గ్రాఫిక్స్ కార్డులో నున్నది. క్రొత్త ప్రాసెసరు కొనుటవలన లాభము స్వల్పము. సంఖ్య కదలనిచో లోటు ప్రాసెసరులోనో, మెమరీలోనో యుండును.

ఆ పక్షమున సైతము గిగాహెర్ట్జుల సంఖ్య చూచి మోసపోరాదు. 5 గిగాహెర్ట్జుల ప్రాసెసరుకు ఒక్క అడుగు వేయుటకు పట్టు కాలము 0.2 నానోసెకను. కాని కావలసిన అంకె మెమరీలో నున్నచో అది చేతికి వచ్చుటకు సుమారు 70 నానోసెకనులు పట్టును. అనగా ప్రాసెసరు మూడు నాలుగు వందల అడుగులు వేయగల కాలము చేతులు ముడుచుకొని కూర్చుండును. ఈ వ్యర్థకాలమును తగ్గించుటకే చిప్పులోపల క్యాష్ అను చిన్న మెమరీని అమర్చుదురు. వంటయింట పోపుల పెట్టె ఎట్టిదో ఇది అట్టిది: ఆవాలకై ప్రతిసారి అంగడికి పోనక్కరలేదు. ఆటలలో చెల్లాచెదురుగా నున్న సమాచారమును మాటిమాటికి వెదకవలసి వచ్చును గనుక పెద్ద క్యాష్ విశేషముగా తోడ్పడును. 2022లో ఏఎండీ తన రైజెన్ 7 5800ఎక్స్3డి ప్రాసెసరులో 32 మెగాబైట్ల క్యాష్ పైన మరి 64 మెగాబైట్ల పొరను అంతస్తువలె పేర్చి, మొత్తము 96 చేసినది. దాని గడియార వేగము పొరలేని 5800ఎక్స్ కంటె తక్కువ. అయినను అనేక ఆటలలో అదియే ముందు నిలిచినది.

మెమరీ విషయములో రెండు అంకెలను కలిపి చదువవలెను. డిడిఆర్5-6000 అనగా సెకనుకు 600 కోట్ల బదిలీలు. గడియారపు ఒక్క చుట్టులో రెండు బదిలీలు జరుగును గనుక అసలు గడియారము 3000 మెగాహెర్ట్జులు. ప్రక్కన సి.ఎల్. 30 అని యున్నచో 30 చుట్ల నిరీక్షణ, అనగా 10 నానోసెకనులు. డిడిఆర్5-4800, సి.ఎల్. 40 అయినచో 40ని 2400 మెగాహెర్ట్జులచే భాగింపగా 16.7 నానోసెకనులు వచ్చును. విచిత్రమేమనగా, పాత డిడిఆర్4-3200, సి.ఎల్. 16 రకమునకు కూడ నిరీక్షణ 10 నానోసెకనులే! క్రొత్త తరము ముఖ్యముగా పెంచినది ఒకేసారి మోయగల బరువును.

బరువు మోయుటకు రెండు దారులు కావలెను. 32 గిగాబైట్ల పలక ఒక్కటి కొనుటకంటె 16 గిగాబైట్లవి రెండు కొనుట మేలు. 6000 వేగమున ఒక్క దారిలో సెకనుకు 48 గిగాబైట్లు, రెంటిలో 96. అయితే నాలుగు పలకలు పెట్టిన ఇంకను మంచిదనుకొనరాదు. రైజెన్ 7000 శ్రేణికి ఏఎండీ ప్రకటించిన హామీ రెండు పలకలతో 5200 కాగా, నాలుగింటితో 3600 మాత్రమే.

ధర సంగతి వేరు. కృత్రిమ మేధకై నిర్మించు డేటా కేంద్రములు చిప్పులను పెద్దయెత్తున కొనుటచేత 2025 చివరి మాసములలో మెమరీ వెలలు విపరీతముగా పెరిగినవి. ఆ డిసెంబరులోనే మైక్రాన్ సంస్థ క్రూషియల్ పేరిట సామాన్యులకు చేయు వ్యాపారమునుండి తప్పుకొనుచున్నట్లు ప్రకటించినది. ఊరిలో కేంద్రమున్నంత మాత్రమున దుకాణములో సరుకు చౌక కాదు! ఇట్టి కాలములో ఉన్న పలకలచేత పూర్తిపని చేయించుటయే తెలివి. 6000 అని ముద్రించిన పలక సైతము బిగించిన వెంటనే 4800 వంటి సాధారణ వేగముననే నడచును. బయాస్‌లో ఎక్స్‌పో లేక ఎక్స్ఎంపీ అను అమరికను ఆన్ చేసినప్పుడే ముద్రించిన వేగము లభించును. ఏండ్ల తరబడి ఆ మీట ముట్టని యంత్రములు లేకపోలేదు.

అయితే ముందుగా మదర్‌బోర్డు బయాస్‌ను క్రొత్తదానికి మార్చుకొనవలెను. 2023లో కొన్ని రైజెన్ 7 7800ఎక్స్3డి ప్రాసెసర్లు బోర్డులతో సహా కాలిపోయినవి. ఎక్స్‌పో ఆన్ చేసినప్పుడు కొన్ని బోర్డులు ఒక భాగమునకు అధిక వోల్టేజి నిచ్చుటయే కారణమని తేలగా, దానిని 1.3 వోల్టులకు మించకుండ బయాస్‌లోనే కట్టడి చేసిరి. ఇంటెల్ 13, 14వ తరముల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్నింటికి 2024లో బయటపడిన లోపమునకు మూలము కూడ అధిక వోల్టేజియే. ఆ సంస్థ సరిదిద్దిన మైక్రోకోడ్‌ను విడుదలచేసి, వారంటీని రెండేండ్లు పొడిగించినది. అప్పటికే చెడిన చిప్పు మాత్రము దానివలన బాగుపడదు.

చిప్పులో వేడి వోల్టేజి వర్గమునకును, గడియార వేగమునకును అనుపాతముగా పెరుగును. వేగమును 5 శాతము పెంచుటకై 1.2 వోల్టులను 1.3 చేసినచో వేడి సుమారు 23 శాతము పెరుగును. వేగము మార్చక 1.3ను 1.2కు దించినచో 15 శాతము తగ్గును. హైదరాబాదు ఎండలలో ఈ రెండవ మార్గమే వివేకము. డిసెంబరులో 25 డిగ్రీల గదిలో 75 డిగ్రీల వద్ద నడచు చిప్పు, మే నెలలో డాబా క్రింద 40 డిగ్రీల గదిలో 90కి చేరును. 7800ఎక్స్3డి యొక్క హద్దు 89. అది దాటనీయక ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును. గచ్చిబౌలి కార్యాలయముల చల్లగదులలో ఈ బాధ కనబడదు.

వోల్టేజిని కొద్దికొద్దిగా దించుచు ప్రతి మెట్టు వద్ద పరీక్షింపవలెను. ఆట ఒక గంట ఆగక నడచినంత మాత్రమున చాలదు. మెమరీ తప్పులు నిశ్శబ్దముగా జరిగి, డిస్కుపై వ్రాయు పాఠములను, ఫొటోలను చెరుపవచ్చును. మెమ్‌టెస్ట్86 వంటి పరీక్షను ఒక రాత్రి నడిపి, ఒక్క తప్పు వచ్చినను మెమరీ వేగమును 6000 నుండి 5600కు దించి మరల పరీక్షింపవలెను. యంత్రము అసలే తెరచుకొననిచో భయపడనక్కరలేదు. విద్యుత్తు తీసివేసి, బోర్డుపై నున్న నాణెము వంటి బ్యాటరీని కొన్ని నిమిషములు ఊడదీసి మరల పెట్టినచో సాధారణముగా అమరికలన్నియు మొదటి స్థితికి వచ్చును.