గారాబం కాదు... గర్భం!

కొడుకు గే అని తెలిసిన ఇంట్లో మొదటి నింద ఎవరి మీద పడుతుంది? అనుమానమెందుకు, అమ్మ మీదే. 'నీ గారాబమే వాణ్ని ఇలా తయారుచేసింది' అనేస్తారు. ఆ మాట నిజమేనా?

కెనడా శాస్త్రవేత్తలు రే బ్లాంచర్డ్, ఆంథొనీ బొగార్ట్ 1996లో ఓ వింత సంగతి చెప్పారు. అన్నల సంఖ్య పెరిగేకొద్దీ తమ్ముడు గే అయ్యే అవకాశమూ పెరుగుతోందట... ఒక్కో అన్నకీ సుమారు 33 శాతం చొప్పున! అక్కల విషయంలో వాళ్లకి ఆ తేడా కనిపించలేదు. అలాగని నలుగురన్నదమ్ముల్లో ఆఖరివాడి వంక అదోలా చూడకండి. మగవాళ్లలో నూటికి ఇద్దరు గే అనుకుంటే, ముగ్గురు అన్నలున్నవారిలోనూ ఆ లెక్క ఐదుకి చేరదు.

అన్నల మధ్య పెరగడం వల్లే అలా అవుతారా? ఆ సందేహం బొగార్ట్‌కీ వచ్చింది. సవతి అన్నలతో, దత్తత వచ్చిన అన్నలతో కలిసి పెరిగినవారినీ పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించాడు. వాళ్లలో ఆ ప్రభావం లేదు. అదే ఒక తల్లి కడుపున పుట్టిన అన్నలైతే, వేరేచోట పెరిగినా ప్రభావం ఉంది. అంటే కారణం ఇంట్లో లేదు, తల్లి గర్భంలో ఉంది!

ఎలాగంటే... మగబిడ్డలో వై క్రోమోజోమ్ ఉంటుంది, తల్లిలో ఉండదు. దాని నుంచి తయారయ్యే ప్రొటీన్లను ఆమె ఒళ్లు పరాయివిగా భావించి యాంటీబాడీలను సిద్ధం చేసుకుంటుంది. కాన్పు కాన్పుకీ అవి పెరిగి, తర్వాతి బిడ్డ మెదడు ఎదుగుదల మీద ప్రభావం చూపుతాయన్నది వీళ్ల ఊహ. ఆర్‌హెచ్ నెగెటివ్ తల్లికి పాజిటివ్ బిడ్డ పుట్టగానే డాక్టర్లు ఇంజెక్షన్ ఇస్తారు కదా, ఇంచుమించు అలాంటి సంగతే. 2017 చివర్లో వెలువడిన అధ్యయనంలో, అన్నలున్న గే కొడుకుల తల్లుల్లో అలాంటి ఒక ప్రొటీన్‌కి యాంటీబాడీలు ఎక్కువగా కనిపించాయి. చిన్న అధ్యయనమే, ఇంకా గట్టిపడాలి.

మరి తొలిచూలు కొడుకుల్లోనూ గేలు ఉన్నారే! అమ్మాయిల మాటేమిటి? అక్కడ ఈ లెక్క పనిచేయదు. జన్యువుల పాత్రా ఉంది. 1991లో బెయిలీ, పిలార్డ్ గే కవలలను పరిశీలిస్తే, అచ్చు ఒకేలా ఉండే కవలల్లో రెండోవాడూ గే అయిన సందర్భాలు 52 శాతం. అంతా జన్యువులే అయితే నూటికి నూరూ ఉండాలిగా! 2019లో దాదాపు 4.7 లక్షలమంది జన్యువులను జల్లెడపట్టినా 'ఇదిగో ఇదే గే జన్యువు' అనదగ్గది దొరకలేదు. చిన్నచిన్న ప్రభావాలు చూపేవి మాత్రం బోలెడు.

మిగతాదంతా పెంపకమే అనేయడానికి మాత్రం ఆధారం లేదు. పోనీ గర్భమే కారణమని తేలితే మళ్లీ అమ్మనే నిలదీస్తారేమో! యాంటీబాడీలు ఎవరినీ అడిగి తయారుకావు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మన సుప్రీంకోర్టు 2018లో అది నేరం కాదంది. అయినా 'మీవాణ్ని మార్చేస్తాం' అంటూ వేలు గుంజేవాళ్లు ఉంటూనే ఉన్నారు. అలాంటి చికిత్స చేయడం డాక్టర్లకి వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చిచెప్పింది. ఫీజు కట్టేముందు ఆ సంగతి అడిగి చూడండి.